నాంపల్లి మొత్తం అమ్ముడుపోయింది

“రత్నాకర్, ఈ షహర్‌ల తప్పు చేసినోడెవ్వడు నన్ను చూసి భయపడడు. ఎందుకో తెలుసా?” అన్నాడు ఇంద్రసేన, కుర్చీలో వెనక్కి వాలి.

“తెల్వదు.”

“నేనెవరో వాళ్ళకు తెల్వదు. గదే నా బలం.”

ఆ లెక్కన మా ఇంద్రసేన మహా బలవంతుడు. ఆబిడ్స్ మొత్తంలో అతను డిటెక్టివ్ అన్న సంగతి తెలిసినవాళ్ళం ముగ్గురమే. అతను, నేను, అతని బాబాయి. ఆ ముగ్గురిలో బాబాయి నమ్మడు.

ఆఫీసంటే బాబాయి జిరాక్స్ షాపులో ఒక మూల. బయటి బోర్డు మీద ‘జిరాక్స్, లామినేషన్, స్పైరల్ బైండింగ్, పాస్‌పోర్ట్ ఫొటోలు’ అని పెద్ద అక్షరాలుంటాయి. వాటి కింద మిగిలిన సందులో ‘నేర పరిశోధన’ అని చిన్న అక్షరాలు. దాంతో అప్పుడప్పుడూ ఎవరో ఒకరు వచ్చి, నేర పరిశోధన పేజీకి ఎంత పడుతుందని అడిగి పోతుంటారు.

నేను బషీర్‌బాగ్‌లో ఒక బీమా ఆఫీసులో గుమాస్తాను. ఇంద్రసేన నా చిన్ననాటి స్నేహితుడు. నా సెలవులన్నీ అతని పరిశోధనలకే ఖర్చయిపోతాయి. కిందటిసారి మా మేనేజరు గొడుగు పోతే, ఇంద్రసేన వారం రోజులు గాలించి దొంగను పట్టుకున్నాడు. ఆ గొడుగును పొరపాటున పట్టుకుపోయింది తనేనని తేలింది. “ఎవరైతేనేం, కేసు తేలింది గద” అన్నాడు, ఏమాత్రం తడబడకుండా.

అలాంటి ఇంద్రసేన దగ్గరికి ఒక ఉదయం నిజమైన క్లయింటు వచ్చింది. నేనే తీసుకొచ్చాను, తప్పు నాదే.

చంద్రికక్క మా బిల్డింగులో కింది వాటాలో ఉంటుంది. ఇడ్లీ పిండి, దోసె పిండి రుబ్బి చుట్టుపక్కల ఇళ్ళకు అమ్ముతుంది. ఆ పిండి మీదే ఆమె ఇల్లు నడుస్తుంది. వచ్చీ రాగానే ఆమె టిఫిన్ డబ్బా మూత తీసి, అందులోది బల్ల మీద వదిలింది. టక్కుమని చప్పుడైంది.

ఇంద్రసేన బల్ల కిందికి దూరాడు. “ఏం ఆయుధమక్కా అది?”

“ఇడ్లీ.”

అతను పైకి లేచి, భూతద్దం తీసి, దాన్ని అన్ని వైపుల నుంచీ చూశాడు. “ప్రాణం పోయి ఎంతసేపయింది?”

“పొద్దుగాల వండిన” అంది చంద్రికక్క. ఆమెకు నవ్వే ఓపిక లేదు. “నా పాత గ్రైండర్ ఖరాబైంది తమ్మీ. కొత్తది కొనాలె. ఏది కొనాల్నో సమజ్ కాలే. ఫోన్ల ‘నిక్కచ్చి అక్షిత’ అని ఒక పిల్ల వస్తది. కుక్కర్లు, మిక్సీలు, డబ్బాలు, అన్ని వాడి చూసి చెప్తది. ఎవ్వరి దగ్గర పైసా తీసుకోను, ఉన్నది ఉన్నట్టు చెప్త అని ప్రతి వీడియోల ముందుగాల చెప్తది. ఆ పిల్ల ‘మెరుపు’ అనే గ్రైండర్ మంచిగున్నదని పిండి రుబ్బి చూపెట్టింది. వెన్న లెక్క ఉన్నది పిండి. ఇన్నేండ్ల సంది రుబ్బుతున్న, పిండి చూస్తే నాకు తెల్వదా? కొన్న.”

“తర్వాత?”

“తర్వాత ఏముంది, అది తిరుగుతుంటెనే కాగుతది. లోపలి పిండి గూడ కాగుతది. ఇడ్లీ చూసినవ్ గద. షాపోడేమో వాడినంక వాపస్ తీసుకోనన్నడు. నా దగ్గర పిండి కొనేటోళ్ళు ఒక్కొక్కరే ప్యాకెట్ పిండికి పోతున్నరు. ఇంకొన్ని దినాలు గిట్లనే నడిస్తే నా పని బందే. ఆ పిల్లకు మెసేజ్ పెట్టిన, జవాబు లేదు. వేలమంది పెడ్తరట.”

“ఇప్పుడు మేమేం చేయాలక్కా?” అన్నాను.

“నాకు ఒక్కటే తెల్వాలె. ఆ పిల్ల నిజంగ వాడి చెప్పిందా, పైసలు తీసుకొని చెప్పిందా? వాడి చెప్పిందంటె నా నసీబ్ అనుకుంట. తీసుకొని చెప్పిందంటె మాత్రం ఎదురుంగ నిలబడి ఒక్క మాట అడుగుత.”

ఇంద్రసేన మెల్లగా లేచి నిలబడ్డాడు. కిటికీ వైపు నడవబోయాడు గానీ ఆ మూలలో కిటికీ లేదు. గోడకే ముఖం పెట్టి నిలబడ్డాడు.

“అక్కా, నువ్వు తెచ్చింది ఇడ్లీ కాదు. ఒక మహా కుట్ర తాలూకు మొదటి ఆనవాలు. దీని వెనక కనపడని చేతులున్నయి. సముద్రాలు దాటిన ముఠాలున్నయి.”

“నాకు ముఠాలు వద్దు తమ్మీ. తీసుకుందా లేదా, గంతే.”

ఆమె అడ్వాన్సు ఇచ్చి వెళ్ళిపోయింది. సాక్ష్యాలు చెడిపోకుండా లామినేట్ చేసి దాచడం ఇంద్రసేన పద్ధతి. ఇడ్లీని కూడా మిషన్లో పెట్టాడు. బాబాయి వచ్చి, మిషన్ ఆపి, ఇడ్లీని ఊడదీసి, మా ఇద్దరినీ బయటికి పంపాడు. ఇడ్లీకి ఏమీ కాలేదు. మిషన్‌కే ఏదో అయింది.

“ఆ అమ్మాయి దగ్గరికే పోయి అడుగుదాం” అన్నాను రోడ్డు మీద నిలబడి.

“నేరస్థుల్ని నేరుగ అడుగుడా? గట్ల అడిగితే ఇగ డిటెక్టివ్‌లు ఎందుకు రత్నాకర్? ముందుగాల ఇరుగుపొరుగుల విచారించాలె. ఆమె గుణగణాలు, రాబడి, అలవాట్లు, ఎవరితోని తిరుగుతది, ఇంటికి ఎవరొస్తరు, అన్ని రాబట్టాలె. మనమెవరో మాత్రం ఎవ్వరికి తెల్వొద్దు.”

ఆమె ఇల్లెక్కడో కనిపెట్టడానికి అతను ఆమె వీడియోలు వరసగా చూశాడు. ఒక దాంట్లో వెనకనుంచి రైలు కూత వినిపించిందని, ఇంకో దాంట్లో గోడ మీద నీడ ఫలానా వైపు పడిందని లెక్కలు కట్టి, చివరికి ఆమె కాజీపేటలో ఉంటుందని తేల్చాడు. ఆమె పేజీలోనే నాంపల్లి గల్లీ పేరు రాసి ఉందని నేను చూపించాను. “నేను చెప్పింది రైల్వే స్టేషన్ పక్కన అని. ఏ స్టేషన్ అన్నది చిన్న విషయం” అన్నాడు.

ఇక మారువేషాలు. చేతిలో పండ్ల సంచి ఉన్నవాణ్ణి హైదరాబాద్‌లో ఎవరూ అనుమానించరని ఇంద్రసేన సిద్ధాంతం. మొజంజాహీ మార్కెట్లో బత్తాయిలు, దానిమ్మలు కొని నా చేతికిచ్చాడు. నన్ను ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, గడ్డం గీసుకుని రమ్మన్నాడు. తనేమో బాబాయి పెళ్ళినాటి సఫారీ సూటు తొడుక్కుని, నల్లద్దాలు పెట్టుకుని, చంకలో రెక్సిన్ బ్యాగు ఇరికించుకున్నాడు. ఆ బ్యాగులో ఇడ్లీ ఉంది.

నాంపల్లిలో ఆ గల్లీ మొదట్లోనే మల్లేష్ కిరాణా దుకాణం. ఇంద్రసేన కౌంటరు మీదికి వంగి గొంతు తగ్గించాడు.

“అన్నా, అక్షిత అనే అమ్మాయి గీ గల్లీలనే ఉంటదా?”

“ఔ. మీరెవరు సార్?”

“అది ఇప్పుడే చెప్పలేం. విషయం బయటికి పొక్కొద్దు.”

మల్లేష్ అతని సఫారీ చూశాడు. నా ఇస్త్రీ చొక్కా చూశాడు. పండ్ల సంచి చూశాడు. అతని ముఖం వెలిగిపోయింది. “సమజైంది సార్, సమజైంది. కూసోండి” అని రెండు కూల్‌డ్రింకులు తీసి మూతలు ఊడదీశాడు.

“అమ్మాయి ఎసొంటిది?”

“బంగారం సార్.”

“పైసల విషయంల?”

“ఒకరి పైసా ముట్టది. తొవ్వల దొరికినా తెచ్చి నాకిస్తది, ఎవరిదో కనుక్కొని ఇయ్యమని.”

“కనుక్కున్నవా మరి?”

మల్లేష్ మాట మార్చాడు. “వంట గూడ మంచిగ చేస్తది సార్.”

“వంటతోని మాకేం పని?”

“గదే సార్ కావాల్సింది! ఇయ్యాల రేపు గిట్ల అనేటోళ్ళు ఏడున్నరు? మంచి ఖాందాన్ మీది.”

ఇంద్రసేన బ్యాగు సర్దుకుని ఇంకా ముందుకు వంగాడు. “బయట పెద్ద పెద్దోళ్ళతోని రహస్యంగ ఏమన్న లింకులున్నయా?”

“అయ్యయ్యో, గసొంటి మాట అనకుండ్రి సార్! తల వంచుకొని పోతది, తల వంచుకొని వస్తది.”

వీడియో చేసే అమ్మాయి తల వంచుకుంటే కెమెరాలో ఏం కనిపిస్తుందో నాకు అర్థం కాలేదు. కూల్‌డ్రింకులకు మల్లేష్ డబ్బు తీసుకోలేదు. మేం బయటికి వస్తుంటే అతను ఫోన్ తీసి ఎవరికో చేయడం చూశాను.

మూల మీద పూలబండి దగ్గర కిష్టవ్వ అనే ముసలావిడ ఉంది. ఆమె కూడా ముందు నన్ను తేరిపార చూసింది.

“అక్షితనా? లచ్చిమి గద బిడ్డా. కోపం జర ఎక్కువ...” అని ఆగి, నా చొక్కా వైపు చూసి, నాలుక కరుచుకుంది. “కోపమంటె కోపం గాదు. న్యాయం మాట్లాడ్తది. గది గూడ గట్టిగ గాదు, మెల్లగ మాట్లాడ్తది.”

“భయపడకు అవ్వా” అన్నాడు ఇంద్రసేన. “చెడ్డ ఏమన్న ఉంటె చెప్పు. నీకు రక్షణ మేం కల్పిస్తం.”

“ఉన్నా నేనెందుకు చెప్త కొడకా? ఆడపిల్ల సంగతి. నా నోట్లకెల్లి చెడ్డ మాట రాదు.” ఆమె ఒక మూర మల్లెపూలు తెంచి నా చేతిలో పెట్టింది. తరువాత నా చెంపలు నిమిరి, తన కణతల దగ్గర మెటికలు విరుచుకుంది.

బీమా గుమాస్తాకు ఎవరూ మెటికలు విరవరు.

ఇంద్రసేన నన్ను పక్కకు లాగాడు. “చూసినవా? ఇద్దరు సాక్షులు, ఒక్కటే పాట. ఒక్కరు గూడ చిన్న తప్పు చెప్తలేరు. చెప్పబోయి ఆగుతున్నరు. పైనుంచి మనకే కూల్‌డ్రింకులు, పూలు. రత్నాకర్, ఆ పిల్ల గ్రైండర్ కంపెనీకి అమ్ముడుపోవుడు చిన్న ముచ్చట. నాంపల్లి మొత్తాన్ని ఆమె కొనేసింది.”

“ఇంద్రసేనా, నాకేమో వేరే అనుమానం వస్తుంది.”

“నీకు వచ్చేటియి అనుమానాలు. నాకు వచ్చేటియి నిర్ధారణలు.”

అంతలో తెల్ల చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుంటూ ఒక పెద్దాయన గల్లీలోంచి పరుగులాంటి నడకతో వచ్చాడు. “మీరేనా సార్? నేను సాయన్నను, అక్షిత వాళ్ళ బాపును. మల్లేష్ ఫోన్ చేసిండు. గల్లీల నిలబడుడేంది, ఇంట్లకు రండ్రి.”

“ముఠా నాయకుడు స్వయంగ వచ్చిండు. ధైర్యంగ ఉండు” అని నా చెవిలో అన్నాడు ఇంద్రసేన. ధైర్యం చాలడం లేదని చెప్పేలోపు సాయన్న నా చేతిలోని పండ్ల సంచి అందుకుని, కళ్ళకద్దుకుని ముందుకు నడిచాడు.

సాయన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. భార్య చుట్టాల పెళ్ళికి సిద్దిపేట పోయిందట. ముందు గదిలో కొత్త దుప్పటి పరిచిన దివాను, దాని ముందు టీపాయ్, టీపాయ్ మీద మిక్చర్, లడ్డూలు. మమ్మల్ని దివాను మీద కూర్చోబెట్టి, ఆయన ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. అప్పటికి నాకు మొత్తం అర్థమైంది. చెప్పేయాలని నోరు తెరిచాను. ఇంద్రసేన నా కాలు తొక్కాడు.

“బాబు ఏం చేస్తడు సార్?”

“గోప్యం” అన్నాడు ఇంద్రసేన. “గని, కింద చానమంది ఉంటరు.”

మా ఆఫీసు మొదటి అంతస్తులో. కింద క్యాంటీన్. ఆ లెక్కన అది అబద్ధం కాదు.

“తాగుడు గిట్ల ఏమన్న?”

“డ్యూటీల ఉన్నప్పుడు ముట్టడు.”

సాయన్న ఒక్క క్షణం ఆగి, తల ఊపి, దాన్ని మంచి లక్షణంగానే జమకట్టుకున్నాడు. ఇంద్రసేన నా వీపు తట్టి, ఇంతకన్నా నమ్మకస్థుడు ఆబిడ్స్‌లో దొరకడని, నా దగ్గర లేని సుగుణాలు చాలా వర్ణించాడు. తన మనిషి అనుమానానికి గురికాకుండా కాపాడుతున్నాననుకున్నాడు. ఆ పని కాగానే, చేతులు కడుక్కుంటానని లేచి వంటింట్లోకి మాయమయ్యాడు. లోపల గిన్నెలు కదులుతున్న చప్పుడు మొదలైంది.

అక్షిత చాయ్ పళ్ళెంతో వచ్చింది. వీడియోల్లో గలగలా మాట్లాడే అమ్మాయి, ఇక్కడ మాత్రం చాలా రోజులుగా నిద్ర లేనట్టు కనిపించింది.

“తీసుకోండ్రి బాబూ” అన్నాడు సాయన్న. “మిక్చర్ మా బిడ్డనే చేసింది.”

“మల్లేషన్న దుకాణంలది బాపూ.”

“లడ్డూలైతె...”

“గవి గూడ.”

“చాయ్ మాత్రం...”

“చాయ్ నువ్వే పెట్టినవ్.”

సాయన్న గట్టిగా నవ్వాడు. “చూసిన్రా, గిట్లుంటది! అబద్ధం నోట్లకెల్లి రాదు. మా బిడ్డను గంతమంది చూస్తరు గద, కంపెనీలోళ్ళు పైసలు పట్టుకొని ఎనుక తిరుగుతరు. ఇప్పటిదాంక ఒక్క పైసా ముట్టలే. మా డిపోల అందరికి చెప్పుకున్న సార్. ఆ ఒక్క మాట చెప్పుకొనే తలెత్తుకొని తిరుగుతున్న.”

ఆమె పళ్ళెం కింద పెట్టింది. “ముట్టిన బాపూ.”

“ఏంది?”

“పైసలు. ఒక్కసారి తీసుకున్న. మెరుపు గ్రైండర్ వీడియోకు. మిషన్ ఊరికెనే ఇచ్చిన్రు, పైన పైసలు గూడ ఇచ్చిన్రు. పైసలిచ్చినట్టు ఏడ గూడ చెప్పొద్దన్నరు. చెప్పలే.”

సాయన్న నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, దించడం మరిచిపోయినట్టు. “అయితె ఏమాయె... వాడి చూసినంకనే మంచిగుందన్నవ్ గద?”

“వీడియో తీసేంతసేపు ఆ మిషన్‌ను ఉత్తగ తిప్పిన. నేను చూపెట్టిన పిండి మన పాత గ్రైండర్ల రుబ్బింది.” ఆమె నా వైపు తిరిగింది. “మీరు సంబంధం చూసుకుందామని వచ్చిన్రు. మా బాపు నన్ను గిట్ల పొగుడుతుంటె నేను సప్పుడు చేయకుంట కూసుంటె, ఇది గూడ ఆ వీడియో లెక్కనే అయితది. అందుకె చెప్తున్న.”

“ఎందుకు తీసుకున్నవ్ బిడ్డా? మనకు తిండికి లేకనా?”

“ఎందుకంటె... అందరు తీసుకుంటున్నరు. నేనొక్కదాన్నే మడి కట్టుకొని కూసున్ననా అనిపించింది. ఒక్కసారికి ఏమైతది అనుకున్న. ఆ తర్వాత ఇంకో వీడియో తియ్యలేకపోయిన బాపూ. ‘ఉన్నది ఉన్నట్టు’ అని మొదలుపెడదామంటె నోరు వస్తలేదు. మెసేజ్‌లు తెరవాలంటె భయమైతుంది.”

సాయన్న తప్పుగా పెట్టుకున్న గుండీలను విప్పి మళ్ళీ పెట్టుకోసాగాడు. అంత మంచి మనిషి ఇంట్లో, దొంగ పెళ్ళిచూపులకు వచ్చి కూర్చున్నందుకు సిగ్గేసింది.

సరిగ్గా అప్పుడు వంటింట్లో ఏదో పెద్ద స్టీలు డబ్బా పడింది. ఒంటినిండా మినప్పిండితో ఇంద్రసేన గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

“రత్నాకర్! ఘోరం జరిగింది! ఈ ఇంట్ల కొత్త గ్రైండర్ లేదు. పాతదే ఉన్నది. మెరుపును ఎవరో ఎత్తుకపోయిన్రు!”

“అల్మారీ మీదున్నది సార్” అంది అక్షిత.

ఇంద్రసేన తలెత్తి చూశాడు. అట్టపెట్టె మీద ‘మెరుపు’ అని పెద్ద అక్షరాలున్నాయి. “అయితె దొరికింది” అన్నాడు తృప్తిగా. “చోరీ కేసు గూడ తేలిపోయింది.”

ఇక నా వంతు. ఆమె అంత చెప్పాక నేను నోరు మూసుకుని లడ్డూ తింటే మనిషిని కాను. లేచి నిలబడి, ఉన్నదంతా చెప్పేశాను. నేను పెళ్ళికొడుకును కానని, వీడు పెళ్ళిళ్ళ పేరయ్య కాడని, చంద్రికక్క పంపితే మీ అమ్మాయి డబ్బు తీసుకుందో లేదో ఆరా తీయడానికి వచ్చామని.

సాయన్నకు ఇది ఒక పట్టాన అందలేదు. “మరి పండ్లు ఎందుకు తెచ్చిన్రు?”

“మారువేషం” అన్నాడు ఇంద్రసేన.

“అంటె మీరు గూడ పైసలు తీసుకొనే వచ్చిన్రా?” అని అడిగింది అక్షిత.

“వీడు తీసుకున్నడు. నాకు ఆటో కిరాయి ఇస్తనన్నడు” అన్నాను.

“గా ముచ్చట గల్లీల అడుగు పెట్టినప్పుడే చెప్పాలె గద.”

కిష్టవ్వ చెప్పింది నిజమే. ఆమె న్యాయం మాట్లాడుతుంది, మెల్లగా మాట్లాడుతుంది.

ఇంద్రసేన బ్యాగులోంచి ఇడ్లీ తీసి టీపాయ్ మీద పెట్టాడు. అక్షిత దాన్ని చేతిలోకి తీసుకుంది. వేలితో కొట్టింది. సాయన్న కూడా తీసుకుని, స్పేర్ పార్టును చూసినట్టు తిప్పి చూసి, కింద పెట్టాడు. చంద్రికక్క దగ్గర పిండి కొనేవాళ్ళు ఒక్కొక్కరే ఎలా పోతున్నారో నేను చెప్పాను. చెబుతున్నంతసేపూ అక్షిత ఆ ఇడ్లీ మీంచి చూపు తిప్పలేదు.

“ఆమె మిషన్ చూసి కొన్నదా, పిండి చూసి కొన్నదా?”

“పిండి చూసి.”

“అయితె ఆమె కొన్నది మెరుపు గాదు, మా పాత గ్రైండర్.” ఆమె తండ్రి వైపు చూసింది. “బాపూ, మన గ్రైండర్ ఆమెకు ఇద్దాం. ఆ మెరుపు మిషన్‌ను షాపోడు వాపస్ తీసుకునేదాంక మనది ఆమె దగ్గరనే ఉండనీ.”

ఆ గ్రైండర్‌కు సాయన్న స్వయంగా మోటారు చుట్టాడట, బెల్టు మార్చాడట, బస్సు నట్లు బిగించాడట. ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళాడు. పానా చప్పుడు వినిపించింది. “బెల్టు జర లూజుంది” అన్నాడు లోపల్నుంచే. “బిగించి ఇద్దాం.”

ఆటోలో గ్రైండర్ నా ఒళ్ళో కూర్చుంది. పక్కన ఇంద్రసేన, అక్షిత, సాయన్న ఇరుక్కున్నారు. ఆబిడ్స్ దగ్గరపడుతుండగా సాయన్న ఉండబట్టలేక అడిగాడు.

“అది సరే గని బాబూ, మీది సొంతిల్లా, కిరాయా?”

“కిరాయి.”

“మరి కింద చానమంది ఉన్నరంటిరి?”

“క్యాంటీన్.”

చంద్రికక్క తలుపు తీసి, ఎదురుగా అక్షితను చూసి గుర్తుపట్టింది. “పైసలు తీసుకున్నవా?” అని అడిగింది.

“తీసుకున్ననక్కా.”

చంద్రికక్క అరవలేదు. అరిస్తే బాగుండునని అందరికీ అనిపించింది. “తీసుకున్నందుకు కోపం లేదు బిడ్డా. సుల్తాన్ బజార్‌ల చీరలమ్మేటోడు నా చీరనే మంచిదంటడు. వాడు అమ్ముకునేటోడని తెల్సు గనక, సగం ఇని సగం ఇడుస్త. నువ్వు తీసుకోను అన్నవ్ గద. అందుకె నీ మాట మొత్తం ఇన్న. సగం ఇడిసే సందు నాకు ఇయ్యలే నువ్వు.”

నాకు మల్లేష్ గుర్తొచ్చాడు, కిష్టవ్వ గుర్తొచ్చింది. వాళ్ళూ ఒక్క లోపం చెప్పకుండా పొగిడారు. కానీ పెళ్ళి విచారణలో చెప్పేవాళ్ళకు తెలుసు, వినేవాళ్ళకు తెలుసు, అందులో సగం తీసేయాలని. తెలియంది మా ఇంద్రసేన ఒక్కడికే.

అక్షిత అక్కడే, చంద్రికక్క గుమ్మంలో నిలబడి వీడియో తీసి పెట్టింది. డబ్బు తీసుకున్నానని, అది దాచానని, చూపించిన పిండి వేరే గ్రైండర్‌దని మూడు ముక్కల్లో చెప్పింది. సాయంత్రానికల్లా తిట్లు వరదలా వచ్చిపడ్డాయి. ఆమెను చూసేవాళ్ళలో చాలామంది వెళ్ళిపోయారు. కంపెనీవాళ్ళు ఫోన్ చేసి బెదిరించారు. సాయన్న ఆ ఫోన్ తీసుకుని, డిపోలో వాడే భాషలో జవాబిచ్చాడట. షాపువాడు మాత్రం చంద్రికక్క మిషన్‌ను చప్పుడు చేయకుండా వాపసు తీసుకున్నాడు.

“అక్షిత కేసుల అసలు కీలకం ఏందో తెలుసా?” అని ఇంద్రసేన బాబాయి ముందు చెప్పుకున్నాడు. “సరైన సమయంల నేను ఆ గదిల లేకపోవుడు.” అతని జీవితంలో అతను చేసిన సరైన నిర్ధారణ ఇదొక్కటే.

సాయన్న గ్రైండర్‌లో రుబ్బిన పిండి రాత్రంతా పొంగి, మర్నాడు పొద్దున చంద్రికక్క వంటింట్లో ఇడ్లీలయింది. అక్షిత కూడా వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది గానీ, రాత్రి నిద్రపోయినట్టే ఉంది.

“అక్కా, నీ పిండి గురించి ఒక వీడియో చేస్త. ఊరికెనే. పోయినోళ్ళంత వాపస్ వస్తరు.”

చంద్రికక్క ఇడ్లీ రేకులు దించుతూ తల తిప్పలేదు. “నువ్వు మంచిగున్నదంటె ఇప్పుడెవరు నమ్ముతరు బిడ్డా?”

అక్షిత తల దించుకుంది. చంద్రికక్క మాటలో కోపమేమీ లేదు. ఉన్నమాట, అంతే. చంద్రికక్క ఒక ప్లేటులో వేడి ఇడ్లీలు పెట్టి ఆమె ముందుకు జరిపింది.

“ముందుగాల తిను.”

అక్షిత తుంచి నోట్లో పెట్టుకుంది. మెత్తగా, తెల్లగా, ఆవిరి కక్కుతున్న ఇడ్లీ. మేమంతా ఆమె ముఖంలోకి చూస్తున్నాం. ఇంద్రసేన సైతం నల్లద్దాలు తీశాడు. బాగుందనేస్తే అయిపోయేది. అక్కడున్నవాళ్ళమందరం ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాం. ఆమె మెల్లగా నమిలింది, మింగింది, చంద్రికక్క వైపు భయంభయంగా చూసింది.

“ఉప్పు తక్కువైందక్కా.”

చంద్రికక్క అదే ప్లేటులోంచి ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది.

“ఔ” అంది. “తక్కువైంది.”

కొంగుతో చేతులు తుడుచుకుని, జుట్టు సర్దుకుని, పొయ్యి ముందు నిటారుగా నిలబడింది. “ఇగ తియ్యి వీడియో. గా ఉప్పు ముచ్చట గూడ చెప్పు.”